గ్రామసభ ‘వద్దు’ అంటే పని ఆగాల్సిందేనా?

సిరొంచ రైతుబిడ్డ: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఈమధ్య మా ఊళ్లో రోడ్డు వెడల్పు కోసం గ్రామసభ పెట్టారు. నోటీసు మరాఠీలో అంటించారు. మా అమ్మలాంటి పెద్దవాళ్లకు ఆ చదువు రాదు. పైగా మిర్చి ఏరే కాలం, కూలివాళ్లంతా గోదావరి దాటి తెలంగాణకు పోయారు. రోడ్డు పక్క గుడిసెలు వాళ్లవే. సభకు వచ్చినవాళ్లలో ఎక్కువమందిమి పట్టాలున్న రైతులం. తీర్మానం ‘ఏకగ్రీవం’ అని రాసేశారు. నేనూ సంతకం పెట్టాను, ఆ బాధ ఇంకా పోలేదు. సిరొంచ తాలూకా ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే ఆదివాసుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతం. ఇక్కడ సభ వద్దంటే పని ఆగాలనే నేనంటాను. మీరేమంటారు?

అహేరి మాస్టారు: తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ ఆగాలంటే ఒప్పుకోను. వాగు పొంగినప్పుడు నిండు గర్భిణిని మంచం మీద మోసుకెళ్లడం నా కళ్లతో చూశాను. ఒక్క ఊరు కాదంటే అవతలి పది ఊళ్లకు వంతెన లేకుండా పోవాలా? షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 పెసా చట్టం కూడా భూసేకరణకు ముందు సభను సంప్రదించాలంది, అంతే.

రాయగడ అక్క: మాస్టారూ, 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ చూడండి. షెడ్యూలు ప్రాంతంలో ముందస్తు సమ్మతి కావాలి. మా ఒడిశాలోని నియమగిరి కొండల సంగతే తీసుకోండి. బాక్సైట్ గని వద్దని అక్కడి డొంగ్రియా కొంధు ఆదివాసులు ఏళ్ల తరబడి కొట్లాడితే, విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. రాయగడలో 7, కలహండిలో 5 ఊళ్లలో జడ్జి సమక్షంలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. వాటిలో చాలావరకు వందమంది ఓటర్లు కూడా లేని పల్లెలు. కొండ మీది మనిషి తన గుమ్మం ముందు, తన కువి భాషలో మాట్లాడగలిగాడు. అదే పెద్ద పంచాయతీ ఆఫీసులో పెట్టి ఉంటే ఎంతమంది నోరు విప్పేవారు? ఆ 12 ఊళ్లనే అడిగి మిగతావాటిని వదిలేయడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు.

అహేరి మాస్టారు: సెక్షన్ చదివానమ్మా. ‘గ్రామసభ లేదా పంచాయతీ’ సమ్మతి అని ఉంది. ఆ ‘లేదా’ ఉన్నంతకాలం సర్పంచ్ సంతకంతో పని కానిచ్చేస్తారు, అది తప్పే. గని విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. వంతెన విషయంలో ఒప్పుకోను.

సిరొంచ రైతుబిడ్డ: వంతెన వద్దనే ఊరు నేనింతవరకు చూడలేదు మాస్టారూ. గుడిసెవాళ్లు కూడా రోడ్డు వద్దనరు, మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారు అనే అడుగుతారు. వాళ్లు కాదంటే పని ఆగుతుందని తెలిస్తేనే ఆఫీసరు కూర్చుని జవాబు చెబుతాడు. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ చూడండి. మహారాష్ట్ర, తెలంగాణ 2016లో ఒప్పందం చేసుకున్నాయి, 2019లో బ్యారేజీ ప్రారంభమైంది. నీళ్లు చేలల్లోకి వచ్చాక మా రైతులు పరిహారం కోసం సిరొంచలో దీక్షకు కూర్చోవాల్సి వచ్చింది. ముందే అడిగి ఉంటే ఏ చేను మునుగుతుందో వాళ్లే చెప్పేవారు.

మిర్చి కూలి: గుడిసెల లిస్టులో మాది కూడా ఉందని ఫోన్లో తెలిసింది. అప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. ఏరుడు అయ్యాక వస్తాం. అప్పుడు మళ్లీ సభ పెట్టమని అడుగుతావా అన్నా? తెలుగులోనే మాట్లాడతాను.

సిరొంచ రైతుబిడ్డ: సోమవారం దరఖాస్తు ఇస్తానమ్మా. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని కూడా అందులో రాస్తాను. మీరు ఊరికి వచ్చే తేదీ చెప్పు.