నాన్న వాచీకి క్లోజప్ పెట్టినా సీన్ పలకడం లేదు

ప్రశ్న:
పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. తండ్రి పోయిన వారానికి కొడుకు వచ్చి ఇల్లు సర్దుతాడు. బల్ల మీద నాన్న వాచీ ఉంటుంది. చేతిలోకి తీసుకుంటాడు, క్లోజప్, కళ్లలో నీళ్లు. ఎడిటింగ్‌లో చూస్తే నాకే ఏమీ అనిపించలేదు. వాచీ పాతది, అందమైనది, లైటింగ్ కూడా బాగా కుదిరింది. మ్యూజిక్ పెంచమంటారా? ఇల్లు బోసిగా కనబడాలని గదిలో సామానంతా తీయించాను, అది తప్పా?

జవాబు 1:
మ్యూజిక్ వద్దండీ. క్లోజప్‌ని ఇంకాస్త సేపు ఉంచండి. హిచ్‌కాక్ 'నటోరియస్' (1946)లో కెమెరా హాలు పైనుంచి దిగి దిగి, హీరోయిన్ చేతిలోని తాళంచెవి దగ్గర ఆగుతుంది. అంతే, ఊపిరి బిగబట్టేస్తాం.

జవాబు 2:
ఆ షాట్ నాకూ ప్రాణం. కానీ ఆ తాళంచెవిని హీరోయిన్ తన భర్త తాళాల గుత్తిలోంచి తీయడం మనం ముందే చూశాం కదా! దొరికిపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టే ఊపిరి ఆగుతుంది. మీ వాచీ గురించి చూసేవాళ్లకు ముందుగా ఏం తెలుసు?

నేను సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాపర్టీ, అంటే సీన్‌లో వాడే వస్తువులు, చూసుకుంటాను. స్క్రిప్ట్ చేతికి రాగానే ప్రతి వస్తువు పక్కనా ఒక ప్రశ్న రాసుకుంటాను: ఇంతకుముందు దీన్ని ఎవరు, ఎందుకు ముట్టుకున్నారు?

'పథేర్ పాంచాలి' (1955)లో పూసల దండ గుర్తుందా? దుర్గే దొంగిలించిందని పొరుగావిడ గొడవకొస్తుంది, దుర్గ కాదంటుంది. ఆ సంగతి మనం మరిచిపోతాం. దుర్గ పోయాక, ఊరు విడిచి వెళ్లడానికి సామాను సర్దుతుంటే ఆమె తమ్ముడు అపూకి ఆ దండ దొరుకుతుంది. ఎవరికీ చూపించడు. తీసుకెళ్లి చెరువులోకి విసిరేస్తాడు. నీటి మీది నాచు విడిపోయి, మెల్లగా మళ్లీ మూసుకుంటుంది. అక్క గుట్టును తమ్ముడు దాచాడు, చెరువూ దాచింది. ఎన్నిసార్లు చూసినా ఆ నాచు కమ్ముకునే దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. అదే దండను నేల మీద పడేస్తే ఆ సీన్ లేదు.

ఇక మీ గది. సామానంతా తీస్తే అద్దెకివ్వబోయే ఇల్లులా ఉంటుంది. మంచం తీసిన చోట దాని కోళ్ల గుర్తులు, ఫోటో తీసిన చోట గోడ మీద వెలవని ముక్క ఉంచండి.

జవాబు 3:
గదులు మాట్లాడటమంటే నాకు 'బైసికిల్ థీవ్స్' (1948). తాకట్టులో ఉన్న సైకిల్ విడిపించడానికి హీరో భార్య దుప్పట్లు తీసి తాకట్టుకిస్తుంది. తాకట్టు కొట్టులో పనివాడు ఆ మూటను పైకి తీసుకెళ్లి పెడుతుంటే, ఎత్తైన అరల నిండా అలాంటి మూటలే!

ఒక్క సందేహం. మీది కీ ఇచ్చే వాచీయేనా? అలాంటివి మామూలుగా ఒకసారి కీ ఇస్తే ఒకటిన్నర రోజు, రెండు రోజులు నడుస్తాయి. ఆయన పోయి వారమైంది. మీ షాట్‌లో ముల్లు తిరుగుతోందా?

అడిగినవారు:
ఇప్పుడే ఫుటేజీ చూశాను. తిరుగుతోంది! షాట్‌కి ముందు నేనే కీ ఇచ్చాను.

జవాబు 2:
దాన్ని కంటిన్యుటీ తప్పనుకుని తీసేయకండి, దయచేసి. వారం తర్వాత కూడా నడుస్తోందంటే ఇంట్లో ఎవరో రోజూ కీ ఇస్తున్నారన్నమాట. ఎవరది?

అడిగినవారు:
అమ్మ పాత్ర ఉందండీ. ఒక్క డైలాగూ లేదు, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటుంది, అంతే. కొడుకు వాచీ చెవి దగ్గర పెట్టుకుంటాడు, టిక్ టిక్ వినబడుతుంది, గుమ్మం వైపు చూస్తాడు. తీసింది తీసినచోటే పెట్టేస్తాడు. కన్నీళ్ల షాట్ తీసేస్తున్నాను. ఆదివారం రీషూట్. మంచం కోళ్ల గుర్తులు ఎలా వేయాలో చెప్పగలరా?