కోబాల్ట్ ఆక్సైడ్ కేటలిస్ట్ తేమ తగిలితే ఎందుకు పడిపోతోంది?

అడయార్_అమ్మాయి:
అందరికీ నమస్తే, చెన్నైలో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ చేస్తున్నా. కోబాల్ట్ ఆక్సైడ్ నానోరాడ్స్ (అతి సన్నని కడ్డీలు) కేటలిస్ట్‌గా, అంటే రియాక్షన్ స్పీడ్ పెంచడానికి వాడి, కార్బన్ మోనాక్సైడ్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చే ఆక్సిడేషన్. డ్రై గ్యాస్‌తో రూమ్ టెంపరేచర్‌లోనే సూపర్‌గా ఉంది, అదే గ్యాస్‌ని నీళ్ల బబ్లర్ గుండా పంపితే కాసేపటికే కన్వర్షన్ (ఎంత శాతం గ్యాస్ మారుతోందన్నది) పడిపోతోంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో క్రిస్టల్ నిర్మాణం చూసే టెస్ట్) తీస్తే ముందూ తర్వాతా ఒకేలా ఉంది. మరి మారిందేంటి? రాడ్స్ తేమకి తట్టుకుంటాయని పేపర్లో చదివే మొదలుపెట్టాను అసలు.

వేళచ్చేరి_కెమిస్ట్:
అమ్మా, ఎక్స్‌ఆర్‌డీకి కనపడేది లోపలి క్రిస్టల్, నీ గొడవంతా పైన ఒక్క పొరలో. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి కోబాల్ట్ త్రీ ప్లస్ మీద కూర్చుంటుంది, పక్కనున్న ఆక్సైడ్ ఆక్సిజన్‌నే పట్టుకుని కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది, ఆ ఖాళీని గ్యాస్‌లోని ఆక్సిజన్ పూడుస్తుంది (మార్స్, వాన్ క్రెవెలెన్ 1954లో చెప్పిన దారి ఇదే). నీటి ఆవిరి వచ్చి ఆ కోబాల్ట్ మీద ఖర్చీఫ్ వేసేస్తుంది, పక్క ఆక్సిజన్ని కూడా హైడ్రాక్సిల్ (ఓహెచ్) చేసేస్తుంది. పైగా పుట్టిన కార్బన్ డయాక్సైడ్ కొంత కార్బొనేట్‌గా అక్కడే అతుక్కుంటుంది. మనం డిజైన్ చేసిన సర్ఫేస్ ఒకటి, గ్యాస్ పారుతున్నప్పుడు ఉండే సర్ఫేస్ ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు.

జక్కూరు_రీసెర్చ్:
నేను బెంగళూరు నుంచి. ఆ పేపర్ 2009లో చైనా గ్రూప్‌దే కదా, మైనస్ 77 డిగ్రీల దగ్గర కూడా పనిచేసిందని. అందులో తేమ అంటే మామూలు సిలిండర్ గ్యాస్‌లో ఉండే కొన్ని పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) మాత్రమేనండీ. మీ బబ్లర్ 30 డిగ్రీల దగ్గర నాలుగు శాతానికి పైనే ఇస్తుంది, అంటే 40,000 పీపీఎం! రెండూ ఒకటెలా అవుతాయి. అలాగని నీళ్లు ఎప్పుడూ శత్రువేం కాదు, టైటానియా మీద గోల్డ్ వేసిన కేటలిస్ట్‌కి కొద్దిపాటి తేమ ఉంటేనే స్పీడ్ పెరుగుతుంది. హాప్కలైట్‌కి (మాంగనీస్, కాపర్ ఆక్సైడ్లు కలిపిన కేటలిస్ట్) మాత్రం తేమ పడదు, అందుకే మాస్కుల్లో దాని ముందు తేమ పీల్చే పొర పెడతారు.

వేళచ్చేరి_కెమిస్ట్:
కరెక్ట్. అమ్మా, ముందు తేమ ఆపి డ్రై గ్యాస్ ఇచ్చి చూడు, కన్వర్షన్ తిరిగి రాకపోతే డ్రై ఎయిర్‌లో వేడిచేసి మళ్లీ చూడు. తిరిగొస్తే సైట్లు మూసుకుపోయినట్టే, రాకపోతే సర్ఫేసే మారిపోయిందేమో. డ్రిఫ్ట్స్ (సర్ఫేస్ మీద ఏం అతుక్కుందో ఇన్‌ఫ్రారెడ్‌తో చూసే టెస్ట్) దొరికితే గ్యాస్ పారుతుండగానే తియ్యి, స్పెక్ట్రంలో సెంటీమీటర్ ఇన్వర్స్ లెక్కన 3400 నుంచి 3700 మధ్య హైడ్రాక్సిల్, 1200 నుంచి 1650 మధ్య కార్బొనేట్, ఏది ముందు పెరుగుతోందో చూడు.

అడయార్_అమ్మాయి:
థాంక్యూ సార్, థాంక్సండీ! పీపీఎం సంగతి అస్సలు తట్టలేదు. రేపే డ్రై, వెట్, డ్రై మార్చి రన్ చేస్తా, డ్రిఫ్ట్స్ స్లాట్ కూడా అడుగుతా.