బిర్లా మ్యూజియంలో డైనోసార్ చూడటానికి పిల్లలతో, అమ్మతో వస్తున్నాం. వివరాలు చెప్పగలరా?

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, సిరొంచ. వేసవి సెలవుల్లో మా పాపను, అక్క కొడుకును, అమ్మను తీసుకుని హైదరాబాద్ వస్తున్నాం. నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం పిల్లలకు చూపించాలి. అది దొరికింది మా ప్రాణహిత–గోదావరి లోయలోనే, యామన్‌పల్లి దగ్గర. ఆ ఎముకలు దొరికిన శిలలకు పేరిచ్చిన కోట ఊరు మా తాలూకాలోదే. మన నేలలో కోట్ల ఏళ్లు ఉండిపోయిన జంతువు ఎదురుగా పిల్లలు నిలబడాలని నాకెంతో ఆశ.

అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆటో పైదాకా వెళ్తుందా, లోపల మెట్లు ఎక్కువా? డైనోసార్ విభాగానికి టికెట్ వేరేనా? ఎముకల గురించి తెలుగులో చెప్పేవాళ్లు ఉంటారా? పాపది మరాఠీ మీడియం, ఇంట్లో తెలుగే. బోర్డులు ఇంగ్లీషులోనే ఉంటే ముందే చదువుకుని వచ్చి నేనే చెప్తాను.

ఇంకొకటి. మా దగ్గరి పోచంపల్లిలో తవ్వితీసిన బరాపసారస్ అనే ఇంకో డైనోసార్ అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. 1975లో రవీంద్రనాథ్ టాగోర్ పేరు కలిపి దానికి పేరు పెట్టారు. అక్కడ మామూలు జనాన్ని రానిస్తారా, ముందే పర్మిషన్ తీసుకోవాలా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.