పొద్దంతా కుర్చీలోనే ఉద్యోగం: ఉదయపు నడక ఒక్కటే సరిపోతుందా?

ప్రశ్న: కొత్తవాడ వాసి

అందరికీ నమస్కారం. నా వయసు 43 ఏళ్లు. హన్మకొండలో ఒక కార్యాలయంలోని లెక్కల విభాగంలో 16 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఉదయం పదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చుంటే, మధ్యాహ్న భోజనానికి తప్ప సాయంత్రం ఐదున్నర దాకా లేచే అవసరమే రాదు. మార్చి నెలలో అయితే రాత్రి ఎనిమిదింటి వరకూ అదే కుర్చీ. రెండేళ్లుగా ప్రతి ఉదయం భద్రకాళి చెరువు కట్ట మీద 40 నిమిషాలు నడుస్తున్నాను. వానాకాలంలో నాలుగు రోజులు తప్పినా మళ్లీ మొదలుపెడతాను.

అయినా నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్ల దగ్గరే నిలిచిపోయింది. సాయంత్రం ఇంటికి వచ్చి మేజోళ్లు విప్పితే రెండు చీలమండల చుట్టూ లోతైన గీత పడి ఉంటుంది, వేలితో తడిమితే గుంట తెలుస్తుంది. గత నెల చేయించిన పరీక్షలో మూడు నెలల సగటు చక్కెర 6.1 శాతం వచ్చింది. ఇది మధుమేహం కాదు గాని దానికి ముందు మెట్టు అని చెప్పి, ఇంకా ఎక్కువగా కదలాలని డాక్టరు గారు సలహా ఇచ్చారు.

మా నాన్న కొత్తవాడలో 50 ఏళ్లు జంపఖానాలు నేశారు. ఆయన కూడా పొద్దంతా కూర్చునే పనిచేశారు. ఏ చెరువు కట్ట మీదా నడవలేదు. అయినా డెబ్బై దాటాక కూడా ఆయన పిక్కలు గట్టిగా ఉండేవి, పొట్ట రాలేదు. ఆయన కూర్చున్నదానికీ నేను కూర్చున్నదానికీ తేడా ఏమిటో, నేను ఏం మార్చుకోవాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు: హన్మకొండ ఫిజియోథెరపిస్టు

మీ ప్రశ్నకు జవాబు మీ నాన్నగారి మగ్గం దగ్గరే ఉందండీ. మగ్గం ముందు కూర్చున్న మనిషిని పైనుంచి చూస్తే కదలకుండా ఉన్నట్టే కనిపిస్తుంది గాని, గుంటలో ఆయన రెండు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి చెక్కలను తొక్కుతూనే ఉంటాయి, చేతులు పేక వేస్తూ, కొడుతూనే ఉంటాయి. కాళ్లలోని రక్తం తిరిగి గుండెకు చేరాలంటే పిక్క కండరం బిగిసి సిరలను నొక్కాలి. అలా పైకి వెళ్లిన రక్తం మళ్లీ కిందికి జారకుండా సిరల్లోని కవాటాలు అడ్డుకుంటాయి. మీ నాన్నగారి పిక్కలు ఆ పనిని రోజుకు కొన్ని వేలసార్లు చేశాయి, మీవి గంటల తరబడి చేయడం లేదు. మేజోళ్ల గీతకు ఇది ముఖ్యమైన కారణం కావచ్చు.

చక్కెర విషయం కూడా కండరంతోనే ముడిపడి ఉంది. కండరం పనిచేస్తున్నప్పుడు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం లేకుండా కూడా లోపలికి తీసుకోగలదు. మీరు ఉదయం ఆరింటికి నడిచి, మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం తిని, చక్కెర పెరిగే ఆ గంటా గంటన్నర సమయంలోనే కుర్చీలో కదలకుండా ఉంటున్నారు. అందుకే డబ్బా మూతపెట్టిన వెంటనే 10 నుంచి 15 నిమిషాలు నడవండి. ఎండాకాలంలో బయటికి వెళ్లనవసరం లేదు, కార్యాలయం వరండాలో అటూ ఇటూ తిరిగినా చాలు. నన్ను అడిగితే, ఒక్క మార్పే చేయగలనన్నవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఉదయపు నడక వృథా అని మాత్రం అనుకోవద్దు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి, వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి, కూర్చునే సమయం తగ్గించుకోవాలి. మీరు మొదటిది చేస్తున్నారు, మిగతా రెండూ వదిలేశారు. పైగా మీ నడక వేగం ఎంతో ఒకసారి చూసుకోండి. నిమిషానికి సుమారు 100 అడుగులు పడాలి. పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంతగా ఊపిరి ఆడాలి. కబుర్లు చెప్పుకుంటూ, ఆగి చెరువును చూస్తూ నడిచే 40 నిమిషాలు మనసుకు మంచివే, కాని లెక్కలో 20కి మించవు.

బలానికి పరికరాలు అక్కరలేదు. చిన్నప్పుడు బడిలో తీయించిన గుంజీళ్లనే తీయండి. మోకాళ్లు నొప్పి అయితే చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. నడుము కొలత విషయంలో మన దేశపు పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలంటారు, కాబట్టి మీరు తగ్గించుకోవలసింది ఆరు సెంటీమీటర్లు. అది కదలిక ఒక్కదానితో తగ్గదు, పళ్లెంలోని అన్నం కూడా కొంత తగ్గాలి.

జవాబు: కాజీపేట విశ్రాంత ఉద్యోగి

తమ్ముడూ, నేను రైల్వేలో 19 ఏళ్లు కీమ్యాన్‌గా పనిచేశాను. సుత్తి, స్పానర్ భుజాన వేసుకుని పట్టాల వెంట కిలోమీటర్ల కొద్దీ నడుస్తూ, క్లిప్పులు ఊడాయేమో చూసుకుంటూ బిగించుకుంటూ పోవడమే నా పని. తర్వాత కంటిచూపు తగ్గిందని నన్ను ఆఫీసులో కూర్చోబెట్టారు. తిండి అదే, నిద్ర అదే, మూడేళ్లలో 11 కిలోలు పెరిగాను. మనిషి సోమరి కావడానికి ముందే పని అతన్ని కూర్చోబెడుతుందని నేను స్వయంగా అనుభవించాను కాబట్టి, దీన్ని నీ తప్పుగా తీసుకోవద్దని మొదట చెప్తున్నాను.

నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటి ఉంది. బల్ల మీద లీటరు సీసా పెట్టుకోవడం మానేసి, ఒక చిన్న స్టీలు గ్లాసు మాత్రమే ఉంచుకున్నాను. నీళ్ల కుండ వరండా చివర ఉండేది. దాహం వేసిన ప్రతిసారీ లేవక తప్పేది కాదు, తాగిన నీళ్లు మరోసారి లేపేవి. గడియారం చూసి లేద్దామనుకుంటే పనిలో పడి మరిచిపోతాం గాని దాహాన్ని మరిచిపోలేం.

జవాబు: కరీంనగర్ బ్యాంకు ఉద్యోగిని

అన్నా, పై ఇద్దరూ చెప్పింది నిజమే గాని, కౌంటర్ ముందు 15 మంది నిలబడి ఉంటే మాటిమాటికీ లేవడం కుదరదు. లేస్తే పని ఎగ్గొడుతున్నామని ఎదుటివారు అనుకుంటారు. ఈ మాట ఎవరూ చెప్పరు గాని మనల్ని కుర్చీకి కట్టేసేది చాలావరకు ఆ మొహమాటమే. నేను మా మేనేజరుతో నేరుగా మాట్లాడి, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడతానని, పక్క గదిలోని ఫైళ్లకు అటెండరును పిలవకుండా నేనే వెళ్తానని ముందే చెప్పాను. ఇప్పుడు మరో ఇద్దరు అలాగే చేస్తున్నారు.

ఇంకో సంగతి. ఒకప్పుడు కనీసం 10 నిమిషాలు ఏకబిగిన చేస్తేనే శ్రమ కింద లెక్క అనేవారు, 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేశారు. ఉదయం వంట, పిల్లల బడి, సాయంత్రం మళ్లీ వంట ఉన్న నాలాంటివారికి అది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. మూడు నిమిషాల మెట్లు, ఐదు నిమిషాల నడక, బస్టాండు నుంచి ఇంటికి పెట్టెలు మోసుకుంటూ వచ్చిన దూరం, అన్నీ లెక్కలోకి వస్తాయి.

కొత్తవాడ వాసి

అందరికీ కృతజ్ఞతలు. భోజనం తర్వాత వరండా నడక, స్టీలు గ్లాసు ఈ సోమవారమే మొదలుపెట్టాను. ఒక సందేహం మిగిలింది. నిలబడి పనిచేసే ఎత్తైన బల్ల కొనుక్కోమని మిత్రుడొకరు అంటున్నారు. అంత డబ్బు పెట్టడం అవసరమా?

హన్మకొండ ఫిజియోథెరపిస్టు

అవసరం లేదండీ. 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెరెమీ మోరిస్ లండన్ బస్సు సిబ్బందిపై చేసిన పరిశీలన వెలువడింది. కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండె రక్తనాళాల జబ్బు తక్కువగా కనిపించింది. డ్రైవర్ల నడుములు ఉద్యోగంలో చేరేనాటికే లావుగా ఉండేవని ఆయనే 1956లో వారి యూనిఫాం కొలతలు చూసి చెప్పారు, కాబట్టి తేడా అంతా కుర్చీదేనని అనలేం. అయినా ఆ కండక్టర్లు ఊరికే నిలబడలేదు, తిరిగారు. కదలకుండా గంటల తరబడి నిలబడినా రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. ఉన్న బల్ల దగ్గరే అరగంటకోసారి లేచి, కుర్చీ వీపు పట్టుకుని ఇరవైసార్లు మడమలు పైకెత్తి దించండి. మీ నాన్నగారి కాళ్లు మగ్గం గుంటలో చేసిన పనిలో కొంతైనా అది చేస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇప్పుడు రెండు కాళ్లకూ సమానంగా వస్తున్న వాపు ఎప్పుడైనా ఒక్క కాలికే వచ్చి, పిక్కలో నొప్పి, వేడి అనిపిస్తే వ్యాయామం ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రెండు కాళ్ల వాపు నెల గడిచినా తగ్గకపోతే, లేదా ఉదయం లేచేసరికి కూడా ఉంటే, మూత్రపిండాలు, గుండె పరీక్షలు చేయించమని మీ డాక్టరు గారిని అడగండి. చక్కెర పరీక్ష మూడు నెలల తర్వాత మళ్లీ చేయించుకుని ఫలితం ఇక్కడే రాయండి, దాన్ని బట్టి వ్యాయామం ఎంత పెంచాలో చూద్దాం.