మంచాన పడ్డ అమ్మను చూసుకోవడానికి పొలం అమ్మక తప్పదా?

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర పల్లెటూరు. అమ్మకు 74 ఏళ్లు, పక్షవాతం వచ్చి మంచాన పడింది. నాన్న ఒక్కడే చూసుకుంటున్నాడు, ఆయనకూ ఓపిక తగ్గిపోయింది. డెబ్బై దాటినవాళ్లకిచ్చే 5 లక్షల ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. ఇంట్లో మనిషిని పెట్టుకునే ఖర్చుకు రాదు, అసలు భారమంతా అక్కడే ఉంది.

ఎకరన్నర మాగాణి అమ్మేసి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేద్దామని తమ్ముడంటున్నాడు. అందులో ఒక్కొక్కరికి 30 లక్షల వరకే, వడ్డీ మూణ్ణెల్లకోసారి వస్తుంది. నాన్నేమో కౌలుకిద్దాం, అమ్మొద్దు అంటాడు. ఆయన మాట తీసెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు.

మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు ఎన్టీఆర్ భరోసాలో నెలకు 15,000 పింఛను ఉంది కదా, దానికి సచివాలయంలో మిమ్మల్ని ఏ కాగితాలు అడిగారు? మన నెల్లూరు వైపు రాత్రీపగలూ ఉండే ఆయాకు నెలకెంత ఇస్తున్నారు? పొలం నిలుపుకొని నెట్టుకొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.