మామ్మగారి గిన్నె తిరిగి ఇవ్వాలా?

ప్రశ్న
అమలాపురం దగ్గర మా ఊరిలో, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా పక్కింట్లో ఉన్న మామ్మగారు గత వారం కాలం చేశారు. మాకూ వారికీ చుట్టరికం ఏమీ లేదు, మైల కూడా లేదు. అయినా మా ఇంట్లో మనిషే పోయినట్టుంది. పెద్దకర్మ రోజున ఆవిడ గురించి నాలుగు మాటలు మాట్లాడమని వాళ్ళ అమ్మాయి నన్ను అడిగారు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద విరుచుకుపడి మా పెంకులు ఎగిరిపోతుంటే, నాన్నగారు నన్నూ చెల్లెలినీ చెరొక చంకనా వేసుకుని ఆవిడ డాబా ఇంట్లోకి పరుగెత్తారు. ఆ రెండు గదుల్లో మా వీధి వీధంతా తలదాచుకుంది. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలు నేలమట్టమై ఉన్నాయి. నాలుగు రోజులకే దీపావళి వచ్చింది. కరెంటు లేని ఆ చీకట్లో ఆవిడ తన ఇంట మిగిలిన నూనెను పంచి, వీధిలో ప్రతి గడపకూ ఒక ప్రమిద పెట్టించారు. ఇవన్నీ చెప్పాలని కూర్చుంటే ఒక్క వాక్యం కూడా కుదరడం లేదు. మరొక సంగతి: ఆస్పత్రికి వెళ్ళే ముందు రోజు ఆవ పెట్టిన పనసపొట్టు కూరతో పంపిన స్టీలు గిన్నె, ఆవిడ పేరు చెక్కించినది, మా వంటింట్లోనే ఉండిపోయింది. దాన్ని ఏం చేయాలి?

సమాధానం 1
ఆవిడ దయామయి, అన్నపూర్ణ అని చెప్పకండి. అది అందరి గురించీ చెప్పే మాటే. ప్రమిదల సంగతి ఇక్కడ రాసినట్టే చెప్పండి, చాలు. మా నాన్నగారు పోయినప్పుడు వచ్చినవారు ఎన్నో మాటలు అన్నారు గాని, ఆయన తమ సైకిలుకు రాత్రిపూట పంచరు వేసి ఇచ్చారని ఒక పొరుగాయన చెప్పిన మాట ఒక్కటే నాకు నేటికీ గుర్తుంది.

సమాధానం 2
గిన్నెను పదకొండు రోజులూ గడిచాక ఇవ్వండి. పొరుగింటి గిన్నెను ఖాళీగా పంపకూడదని మన పెద్దల పట్టింపు, కాబట్టి అందులో కాసిన్ని బియ్యమైనా పోయండి. శవం లేచేదాకా వీధిలో పొయ్యి వెలిగించకపోవడం, ఆ తరువాత ఆ ఇంటికి చుట్టుపక్కలవారే అన్నం వండి పంపడం మా ఊళ్ళో ఇప్పటికీ ఉన్నాయి. చుట్టరికం లేనివారి దుఃఖానికి ఆచారంలో చోటు లేదని మీరు అనుకోనక్కరలేదు.

సమాధానం 3
నేను పై వారితో ఏకీభవించలేను. ఇచ్చేయాలన్న తొందరేమిటి? వాళ్ళ అమ్మాయిగారినే అడగండి. మా అమ్మ పోయాక పక్కింటావిడ మా డబ్బా తెచ్చి ఇచ్చినప్పుడు, రాకపోకలు ముగించుకోవడానికి వచ్చినట్టు తోచి నాకు కష్టమనిపించింది.

ప్రశ్న అడిగినవారు
నిన్న పెద్దకర్మ జరిగింది. ప్రమిదల గురించి చెప్పాను, మధ్యలో గొంతు పూడుకుపోతే ఆ రాత్రి మాతో పాటు అక్కడే ఉన్న పెద్దాయన ఒకరు మిగతాది చెప్పారు. గిన్నెలో బియ్యం పోసుకుని వెళ్ళాను. వాళ్ళ అమ్మాయి బియ్యం తీసుకుని, గిన్నె మీ దగ్గరే ఉంచుకోమన్నారు. ఆపైన వంటింట్లోకి తీసుకువెళ్ళి అలమర తెరిచి చూపించారు. మామ్మగారి గిన్నెల మధ్య మా అమ్మ పేరు చెక్కించినవి రెండు ఉన్నాయి. వాటిని నేను అడగలేదు, ఆవిడా ఇవ్వలేదు.