సెనేట్ ఓటు: చర్చ ‘ముగియాలా’, ‘ముగించాలా’?

కృష్ణాతీరం: అమెరికా సెనేట్‌లో పదవికి ప్రతిపాదించిన నామినీ మీద క్లోచర్ (చర్చను కట్టిపెట్టే తీర్మానం) ఓటుకు ముందు సభాధ్యక్షుడు అడిగే ప్రశ్నకు మంచి తెలుగు వాక్యం ఎక్కడో చదివాను. ‘...నియామకంపై చర్చ ముగి– వలెనన్నది సభ అభిప్రాయమేనా?’ ఆ ఖాళీలో ‘య’ ఉందా, ‘ంచ’ ఉందా?

పాలమూరు పిల్ల: ‘ముగించవలెనన్నది’ అనే ఉండాలి. చర్చ దానంతటది ముగియదు కాబట్టే పదహారు మంది సంతకాలు పెట్టి మోషన్ ఇస్తారు. ‘ంచు’ తీసేస్తే ఓటుకే పనిలేదు.

గోదారిగట్టు: రెండూ ఒప్పుకోను. ఓటు నెగ్గాక కూడా 30 గంటల దాకా మాట్లాడుకోవచ్చు. 2019 నుంచి జిల్లా జడ్జీలకూ, కేబినెట్ కింది పదవులకూ 2 గంటలే. కనుక ‘చర్చకు గడువు కట్టడం’ అనాలి. మన పత్రికలు దీన్నే ‘ఆమోదం’ అని రాసేస్తే మనసు చివుక్కుమంటుంది. ఆమోదం ఓటు ఆ తర్వాత వేరే ఉంటుంది.

మాగాణి: ‘ముగియు’కు పువ్వు ముడుచుకోవడం అనే అర్థమూ ఉంది కదా. ‘కేలు మొగిడ్చి’లో ఉన్నదీ ఆ కుదురే అని నా నమ్మకం. ముడుచుకున్న తామర మళ్లీ విచ్చుకుంటుంది. ఇంకా 30 గంటలు మిగిలిన చర్చకు ఇంతకంటే తగిన క్రియ లేదు. ‘య’కే నా ఓటు.

పాలమూరు పిల్ల: మాస్టారూ, ‘మొగిడ్చు’ సకర్మకం. మీ ఉదాహరణ నా పక్షానే నిలిచింది.

గోదారిగట్టు: క్రియ సంగతి సరే, ‘అభిప్రాయం’ అన్న మాట చూడండి. 2017 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు నామినీ గోర్సచ్ విషయంలో క్లోచర్ 55-45తో వీగిపోయింది, అప్పట్లో కావాల్సిన 60 ఓట్లు రాలేదు గనుక. కాసేపటికి సుప్రీంకోర్టు నామినీలకూ సాధారణ మెజారిటీ చాలని సభ తీర్మానించుకుంది. మళ్లీ ఓటేస్తే అదే 55-45తో నెగ్గింది. మిగతా నియామకాలకు 2013లోనే 52-48తో ఈ దారి వేశారు. ఇంత జరిగినా క్లోచర్ గురించిన సెనేట్ 22వ నిబంధనలో ‘ఐదింట మూడు వంతులు’ అన్న మాటను చెరపలేదు. నిబంధన పాఠం అదే, వ్యాఖ్యానం మారింది. మనం తలలు పట్టుకోవాల్సింది దీని మీద.

మాగాణి: పాఠం, వ్యాఖ్యానం అంటే నాకు పోతన దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ప్రహ్లాదుడి సీసంలో ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. మొదటిది ఉత్త అవయవం, రెండోది దాని సార్థకత. అక్షరం మారకుండా అర్థం మార్చడమంటే అది.

పాలమూరు పిల్ల: పోతన గురించి వేరే చర్చ పెట్టండి, తప్పకుండా వస్తాను. ఇక్కడ ‘ంచు’ మాత్రం వదలను.

గోదారిగట్టు: ‘గడువు’ మాటకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.